కంటికి కొసరు

బాపట్ల,
12 జనవరి 2025.

నా ప్రియమైన రత్తాలుకు,

ప్రభువు కృపలో నేనూ మావారూ క్షేమం. నువ్వూ, మీ ఆయన చిన్నయ్య గారూ, మీ అమ్మాయి ఇందూ క్షేమమని తలుస్తాను.

మొన్న గురువారం నుంచి నాలో నేనే నవ్వుకుంటున్నాను. మావారు ప్రతాప్ గారు రెండుసార్లు అడిగారు, "ఏంటి, ఒక్కదానివే నవ్వుతున్నావు?" అని. ఏమని చెప్పను? తెనాలిలో కంటి డాక్టరమ్మ దగ్గర మందు పోసి, కళ్ళు మూసుకుని కూర్చోమన్నారు. పక్క బెంచీ మీద ఎవరో ఆవిడ, "ఇంతమంది ఆడాళ్ళకి కళ్ళు మూయించారు, ఏ పెళ్ళికొడుకుని తెస్తున్నారమ్మా?" అంది. హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ గొంతు వినగానే ముప్పై నాలుగేళ్ళు వెనక్కి పోయి మన హైస్కూలు నాలుగో బెంచీ మీద పడ్డాను.

"నువ్వు సూర్యలంక రత్తాలువి కాదూ?" అన్నాను.

"ఎవరే అది? హెప్సీవా?" అన్నావు.

ఆ మందుకి ఇద్దరికీ ఏమీ కనిపించదు. నువ్వు నాకు తెల్లటి మసకలా ఉన్నావు. నేను నీకు పచ్చచీర మూటలా ఉన్నానన్నావు. అయినా చేతులు పట్టుకుని గంటన్నర మాట్లాడుకున్నాం. షారోన్ అనే ఆ నర్సమ్మాయి మందు చీటీలు చేతిలో పెట్టి ఏదో చెబుతూనే ఉంది, మనం తల ఊపుతూనే ఉన్నాం. చివరికి నా చూపు తేరుకునేసరికి నిన్ను మీ అమ్మాయి రేపల్లె బండి ఎక్కించేసింది. నీ ముఖం నేను సరిగా చూడనే లేదు రత్తాలూ.

ఇప్పుడు నీకు ఆ రోజు చెప్పని మాట చెబుతాను. ఇద్దరిదీ నీటికాసుల జబ్బే అని నవ్వుకున్నాం గానీ, నాది కొంచెం ముదిరింది. కంట్లో ఊరే నీరు సరిగా బయటికి పోక, లోపల ప్రెజర్ పెరిగి నరాన్ని నొక్కేస్తోందట. నొప్పి ఉండదు, మంట ఉండదు, చూపు అంచుల నుంచి మెల్లగా తగ్గిపోతుందట. కుడికంట్లో పక్క చూపు కొంత పోయిందని, అది మళ్ళీ రాదని డాక్టరమ్మ చెప్పింది. ఈ చుక్కలు ఆ నీరు ఊరడాన్ని తగ్గిస్తాయట. బీటా బ్లాకర్ అంది, గుండె జబ్బుకి ఇచ్చే మందుల జాతిదేనట. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, రెండు కళ్ళలోనూ. ఏప్రిల్ ఇరవై మూడుకి రమ్మంది. అప్పటికి ప్రెజర్ దిగకపోతే కుడికంటికి ఆపరేషన్.

మా అమ్మ నీకు జ్ఞాపకం ఉంది కదా. అదే నా భయం. రెండేళ్ళుగా నేను బైబిలు వాక్యమంతా చేత్తో రాస్తున్నాను. ఇప్పుడు యెషయాలో ఉన్నాను. చివరి పుట వరకూ రాయగలిగే చూపు ఉంచమని రోజూ అడుగుతున్నాను. మావారికి మాత్రం, "కంట్లో కొంచెం నీరు ఎక్కువైందట, చుక్కలిచ్చారు" అని ఊరుకున్నాను. ఆయన ఏ సంగతైనా లోపల పెట్టుకుని నలిగిపోయే మనిషి.

ఉత్తరం రాస్తావు కదూ?

నీ
హెప్సిబా

*

రేపల్లె,
25 జనవరి.

ఒసే హెప్సీ,

నీ ఉత్తరం చూసి మా ఇందు హడలిపోయింది. ఇంటికి ఉత్తరం వచ్చిందంటే కోర్టుదో బ్యాంకుదో అయ్యుంటుందని దూరంగా పట్టుకుని తెచ్చింది. విప్పి చూస్తే ముత్యాలు పేర్చినట్టు నీ రాత. ఎక్కడా మారలేదే నువ్వు! మాస్టారు నీ కాపీ పుస్తకం చూపించి నన్ను తిట్టిన తిట్లన్నీ మళ్ళీ చెవిలో మోగాయి.

"ఫోనుండగా ఉత్తరాలేంటమ్మా?" అంది ఇందు. నా ఫోను సంగతి నీకు తెలియదు. నేను రేపల్లె మార్కెట్లో చేపలమ్ముతానని చెప్పాను కదా. తెల్లారింది మొదలు అది మోగుతూనే ఉంటుంది. "రత్తాలక్కా, రొయ్యలొచ్చాయా? రత్తాలక్కా, చందువ ఉందా?" అని. నీతో కష్టం సుఖం చెప్పుకుంటుంటే మధ్యలో ఎవరో పండుగప్ప తలకాయ అడుగుతారు. ఉత్తరమైతే ఎవరూ అడ్డు రారు. అందుకే నువ్వు రాయి, నేనూ రాస్తా. నా రాత చూసి నవ్వావంటే మాత్రం బాపట్ల వచ్చి జుట్టు పీకుతా.

మీ అమ్మగారు ఎందుకు జ్ఞాపకం లేదే. మనం పదిలో ఉండగానే ఆవిడకి చూపు లేదు. గుమ్మంలో కూర్చుని అడుగుల చప్పుడు విని, "రత్తాలా? రా అమ్మా, రొట్టె తిని పో" అనేది. నాకు అప్పుడు భలే గొప్పగా ఉండేది, నా అడుగులు కూడా ఆవిడకి తెలుసని. ఇప్పుడు నీ ఉత్తరం చదివాక ఆ గొప్ప అంతా పోయింది. ఆవిడ రోజుల్లో ఈ చుక్కలు ఎవరిచ్చారు? నీకు దొరికాయి. వేసుకో, నీకేం కాదు.

నీ కంటి ప్రెజర్ ఇరవై ఎనిమిది, నాది ఇరవై ఆరు అని షారోన్ చెప్పడం నేను విన్నా. బడిలో ఎప్పుడూ నీకంటే నాకే తక్కువ మార్కులు. తక్కువ రావడం మంచిదైంది ఇదొక్కసారే!

మందు విషయంలో నేను లోటు చేయడం లేదు. ధారాళంగా వేసుకుంటున్నా. నిన్నటికి మొదటి సీసా అయిపోతే కొత్తది తెప్పించా. మా ఆయన పడవ మీద నిజాంపట్నం నుంచి వచ్చేటప్పుడు మందుల షాపుకెళ్ళి, "మా ఆవిడ కంటి సారా అయిపోయిందండి, ఇంకోటి ఇవ్వండి" అన్నాడట. షాపంతా నవ్వారని ఇంటికొచ్చి చెప్పి మళ్ళీ నవ్వాడు.

మీ ఆయనకి సంగతంతా చెప్పెయ్యవే. మగాళ్ళు మనం అనుకున్నంత మెత్తన కాదు.

నీ
రత్తాలు

*

బాపట్ల,
29 మార్చి.

ప్రియమైన రత్తాలుకు,

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించు. మాకు శ్రమకాలం నడుస్తోంది. ఈస్టరు ముందు నలభై రోజులు. చిన్నప్పుడు నేను మధ్యాహ్నం అన్నం తినకపోతే నా క్యారియరు నువ్వే ఖాళీ చేసేదానివి, ఆ రోజులే. ఇప్పుడు కూడా తెల్లవారి లేచింది మొదలు సాయంత్రం ప్రార్థన అయ్యేవరకూ ఏమీ తీసుకోను, మంచినీళ్ళు కూడా. బుధ, శుక్రవారాలైతే రాత్రికి కూడా ఉపవాసమే. నాకు అలవాటే, ఇబ్బంది లేదు. ఈసారి ఉపవాసమంతా కంటి కోసమే పెట్టుకున్నాను.

రాత బాగా సాగుతోంది. యెషయా అయిపోయి యిర్మీయాలోకి వచ్చాను. రోజుకి నాలుగు పుటలు. మావారు స్కూలు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు గీతల కాగితం కట్ట తెచ్చిపెడుతున్నారు. బుధవారాలు కర్లపాలెంలో ఒకరింట్లో స్త్రీల కూడిక ఉంటుంది. అక్కడ నేను రాసిన పుటలు చదివి వినిపిస్తాను. పెద్దావిడ బసవమ్మ గారు, "నీ రాత చూస్తే నాకు అద్దాలు అక్కర్లేదమ్మా" అంటారు.

నీకు ఇంకో సంతోషమైన సంగతి. మార్చి మూడున తెరిచిన మందు సీసా ఇంకా సగానికి పైనే ఉంది. కరువు రోజుల్లో సారెపతు విధవరాలి బుడ్డిలో నూనె తరగకుండా ఉండిందని మాకొక కథ ఉందిలే, నా సీసా కూడా అలాగే ఉందని మావారితో అంటే ఆయన కూడా నవ్వారు.

నువ్వెలా ఉన్నావు? పని తగ్గించుకున్నావా?

నీ
హెప్సిబా

*

రేపల్లె,
1 ఏప్రిల్.

హెప్సీ,

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు నాకు జవాబు చెప్పు.

నేను చేపలమ్మేదాన్ని. బుట్ట అడుగున ఎంత సరుకు మిగిలిందో చూస్తే పొద్దుటి నుంచి ఎంతమంది వచ్చిపోయారో చెప్పగలను. నీ సీసా నాకు బుట్టలాంటిదే. రెండు కళ్ళు, రెండు పూటలు, ఇరవై ఆరు రోజులు. అలా వేసుకుంటే అది ఈపాటికి అడుగంటాలి. సగానికి పైన ఎలా ఉంటుందే? మీ కథలో ఆవిడ నూనె దేవుడు నింపాడేమో, నీ సీసాని మందుల షాపువాడు నింపడు. నువ్వు వేసుకోవడం లేదు. అదీ సంగతి.

నాతో ఎందుకు దాస్తున్నావు? మీ ఆయన దగ్గర దాచావు, సరే, అది మీ ఇంటి సంగతి. నా దగ్గర కూడానా? పదో తరగతిలో నువ్వు లెక్కల పరీక్ష రోజు ఏడ్చింది ఇప్పటిదాకా ఎవరికైనా చెప్పానా?

ఇరవై మూడుకి నువ్వు తెనాలి వెళ్ళాలి. ఇంకా మూడు వారాలే ఉన్నాయి. ఆ గుమ్మంలో మీ అమ్మగారు కూర్చున్న చోట నిన్ను చూడ్డం నా వల్ల కాదే.

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు. ఈ మధ్య లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. మొన్న రేపల్లె స్టేషనులో మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోయా. బుట్ట మోసే మనిషి ఆదిలక్ష్మి పట్టుకుని దింపింది. ఎండలు కదా, అదే అనుకుంటున్నా. నా మందుకేం లోటు లేదు, ఆరో సీసా తెరిచా.

వెంటనే రాయి.

రత్తాలు

*

బాపట్ల,
5 ఏప్రిల్.

నా రత్తాలుకు,

నీ ఉత్తరం చదివి గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. నువ్వన్నది నిజం. నీ దగ్గర దాచకూడదు.

ఆ మందు కంట్లో వేసుకున్న కాసేపటికి గొంతులోకి చేదు దిగుతుంది. నీకూ దిగుతుందా? మొదట్లో పట్టించుకోలేదు. శ్రమకాలం మొదలైన బుధవారం పొద్దున్న చుక్క వేసుకుని మోకరించాను. ప్రార్థన మధ్యలో నాలుక మీదికి చేదు వచ్చింది. గుటక వేశాను. అప్పుడు అనిపించింది, నీళ్ళు కూడా ముట్టనని ఆయనకి మాటిచ్చి, ఇది మింగుతున్నానే అని. ఆ రోజంతా మనసు మనసులో లేదు. మరునాటి నుంచి ఉదయం చుక్క మానేశాను. రాత్రి భోజనం ఉన్న రోజుల్లో రాత్రి చుక్క మాత్రం వేసుకుంటున్నాను. బుధ, శుక్రవారాలు అసలు లేదు.

మా చర్చి అయ్యగారిని అడగాలంటే సిగ్గేసింది. ఇంత చిన్న సంగతి అని నవ్వుతారేమో అనుకున్నాను. కంటి కోసం పెట్టుకున్న ఉపవాసంలో కంటి మందే తప్పుగా తోచింది నాకు. నువ్వు రాశాక చూస్తే నేను చేసింది నాకే తెలివితక్కువగా కనిపిస్తోంది. అయినా ఉదయం సీసా చేతిలోకి తీసుకుంటే చెయ్యి ఆగిపోతోంది రత్తాలూ. ఏం చేయాలో తెలియడం లేదు.

ఇక నీ సంగతి. నువ్వు నా సీసా లెక్కపెట్టావు. నేను నీ సీసాలు లెక్కపెట్టాను. జనవరి తొమ్మిదిన మొదటిది కొన్నావు. ఇప్పటికి మూడు నెలలు కాలేదు. ఒక సీసా నెల రావాలి. నీకు ఆరోది ఎలా వచ్చింది? నువ్వు ఎన్ని చుక్కలు వేసుకుంటున్నావు? ఇది గుండె మందు జాతిదని నేను మొదటి ఉత్తరంలోనే రాశాను కదా. మెట్ల మీద కూర్చుండిపోవడం ఎండకి కాదేమో అని నాకు భయంగా ఉంది. మా ఇంటి పక్కన స్టెల్లా నర్సు పని చేస్తుంది. నీ పేరు చెప్పకుండా అడిగాను. "ఆవిడని ఈ రోజే డాక్టరుకి చూపించమనండి ఆంటీ" అంది.

ఇది అందిన పూటే ఇందుని తీసుకుని తెనాలి వెళ్ళు. చేపలు ఒక రోజు ఎవరైనా అమ్ముతారు. నా కోసం వెళ్ళు. నేను నీకోసం ఇక్కడ మోకాళ్ళ మీద ఉన్నాను.

నీ
హెప్సిబా

*

బాపట్ల,
నీ ఇంటి అరుగు మీద,
9 ఏప్రిల్, మధ్యాహ్నం.

ఒసే హెప్సీ,

అవును, నీ ఇంటి అరుగు మీదే! తలుపుకి తాళం. నీ పక్కింటి స్టెల్లాని అడిగితే బుధవారం కదా, కర్లపాలెం కూడికకి వెళ్ళావంది. కాగితం, పెన్నూ ఆ పిల్లే ఇచ్చింది. మంచినీళ్ళు, అరటిపండ్లు కూడా. ఇందు నా పక్కన కూర్చుని, "బస్సు పోతుంది, తొందరగా కానీ" అని గొణుగుతోంది.

పొద్దున్నే తెనాలి వెళ్ళాం. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని నాడి చూసి ముఖం చిట్లించింది. నలభై ఎనిమిదే కొట్టుకుంటోందట. గుండె పరీక్ష చేయించింది. ఆయాసం జబ్బు ఏమైనా ఉందా అని నాలుగుసార్లు అడిగింది. లేదన్నా. "మరి మందు ఎలా వేసుకుంటున్నారు?" అంది.

"ఒకటి మందు, ఒకటో రెండో కొసరు" అన్నా.

"కొసరేంటి?" అంది.

"మేం చేపలు తూచాక చెయ్యి ఖాళీగా వదలం డాక్టరమ్మా. ఇంకో రెండు రొయ్యలు వేస్తాం. లేకపోతే బేరం కళకళలాడదు. కన్ను కూడా పాపం చూసి చూసి అలిసిపోతుంది, దానికి కొసరు వెయ్యొద్దూ?" అన్నా.

షారోన్ నవ్వాపుకోలేక బల్ల కిందికి వంగింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదే. కంట్లో పట్టేది ఒక్క చుక్కేనట. మిగతాదంతా కంటి మూలనున్న సన్నటి దారిలోంచి ముక్కులోకి, గొంతులోకి దిగి, అక్కణ్ణుంచి ఒంట్లో కలిసి గుండెని నెమ్మది చేస్తుందట. ఇంకొన్నాళ్ళు ఇలాగే కొసరేస్తే ఆ మెట్ల మీంచి నేను లేచేదాన్ని కాదంది. ఇక నుంచి ఒక్కటే చుక్క. వారంలో మళ్ళీ రమ్మంది, నాడి పెరగకపోతే మందు మారుస్తుందట.

నీ చేదు కూడా ఆ దారినే దిగుతోంది హెప్సీ! నేను వదల్లేదు, నీ సంగతి కూడా అడిగా. షారోన్ చేసి చూపించింది. తల వెనక్కి వాల్చి, కింది రెప్ప కొంచెం లాగి, ఒక్క చుక్క. మెల్లగా కన్ను మూసుకోవాలి, రెప్పలు టపటపలాడించకూడదు. ముక్కు పక్కన కంటి మూల దగ్గర వేలితో నొక్కి పట్టాలి, రెండు నిమిషాలు. అంతే. ఆ దారి మూసుకుంటుంది. మందు కంట్లోనే ఉంటుంది, గొంతులోకి దిగదు. అక్కడే నా చేత వేయించింది. నాకు చేదు తగల్లేదే! ఇన్నాళ్ళూ మందంటే చేదు తప్పదనుకున్నా.

నువ్వు మందు మానడం గురించి వినగానే డాక్టరమ్మ, "ఆవిడతో చెప్పండి, ఒక్క పూట కూడా మానొద్దు. నాకు చెప్పకుండా అసలు మానొద్దు" అంది.

ఇంకోటి విను. షారోన్ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఆంటీ, ఇదంతా జనవరిలో మీ ఇద్దరికీ చెప్పాను. రెండుసార్లు చెప్పాను. మీరు పదో తరగతిలో ఎవరి జడ ఎవరు బెంచీకి కట్టారో మాట్లాడుకుంటూ ఊఁ కొట్టారు" అంది. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. జడ కట్టింది మాత్రం నువ్వే.

ఇక అసలు సంగతి. నిన్ను వెతుక్కుంటూ ముందు మీ చర్చికి వెళ్ళా. మీ అయ్యగారు మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. నాకు నోరాగదు కదా.

"అయ్యగారూ, ఒక సందేహమండి. ఉపవాసంలో కంట్లో మందేసుకుంటే మీ దేవుడు తప్పు పడతాడా?" అన్నా.

"ఎవరికమ్మా?" అన్నారు.

"పేరు చెప్పనండి. మీ సంఘంలో ఒకావిడ. రాత ముత్యాల్లా ఉంటుంది."

ఆయన చెంబు కింద పెట్టి నవ్వారు. తర్వాత నిదానంగా, "ప్రభువు ఒక గుడ్డివాడి కళ్ళకి మన్ను తడిపి పూశాడు. అది ఏ రోజో ఆమెని అడగమ్మా" అన్నారు.

"ఏ రోజండి?"

"విశ్రాంతి దినం. ఏ పనీ చేయకూడని రోజు. పెద్దలంతా తప్పు పట్టారు. ఆయన ఆగలేదు."

ఆ కథ ఎక్కడుందండి అంటే, చివరి భాగంలో, యోహాను రాసిన చోట అన్నారు. అంటే నువ్వింకా రాయని చోటన్నమాట. అక్కడిదాకా వెళ్ళాలంటే చూపుండాలి కదే పిచ్చిదానా!

ఇందు లేచి నిలబడింది. రెండు నిమిషాలు గడియారం చూసుకోవడం కుదరదు కదా, నేను శివయ్యని తలుచుకుంటా. నువ్వు పరలోక ప్రార్థన నిదానంగా రెండుసార్లు చెప్పుకో. ఈ రాత్రికే మొదలుపెట్టు.

తలుపు కింద తోసి పోతున్నా.

రత్తాలు

*

రేపల్లె,
16 ఏప్రిల్.

హెప్సీ,

నాలుగు ముక్కలే. నాడి అరవై ఆరు! స్టేషను మెట్లు ఒక్క ఊపున ఎక్కా, ఆదిలక్ష్మే వెనకబడింది. మందు మార్చక్కర్లేదంది డాక్టరమ్మ. ఒక్క చుక్కకే నా కంటి ప్రెజర్ పదహారుకి దిగింది.

కొసరు కోసం అలవాటుగా చెయ్యి పోతోంది. ఇందు పక్కన నిలబడి సీసా లాక్కుంటోంది.

నువ్వు వేసుకుంటున్నావా? ఇరవై మూడు సాయంత్రం నుంచి పోస్టుమాన్ కోసం గుమ్మంలో నిలబడతా. మా ఆయన ఎగతాళి చేసినా సరే.

రత్తాలు

*

బాపట్ల,
24 ఏప్రిల్ 2025.

నా ప్రియమైన రత్తాలుకు,

నిన్ను గుమ్మంలో నిలబెట్టను. ముందే చెప్పేస్తున్నాను. ఆపరేషన్ లేదు!

కుడికన్ను పదిహేడు, ఎడమ పదహారు. డాక్టరమ్మ రెండుసార్లు చూసింది. తర్వాత ఆ చీకటి పెట్టెలో తల పెట్టించి, చిన్న చిన్న వెలుగులు కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. జనవరిలో కుడివైపు అంచున కొన్ని వెలుగులు నాకు రానేలేదు. నిన్న ఒక్కటీ తప్పిపోకూడదని కళ్ళప్పగించి నొక్కాను. అయ్యాక ఆమె రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించింది. అప్పుడు పోయిన చోటు ఇప్పుడూ నల్లగానే ఉంది. దాని పక్కన కొత్తగా ఒక్క చుక్క కూడా నల్లబడలేదు. "పోయింది రాదమ్మా. ఉన్నది నిలబడింది. ఇలాగే వేసుకుంటూ ఉండండి, చూపు చివరిదాకా ఉంచుకుందాం" అంది. షారోన్ నా చేత మందు వేయించి, మూల నొక్కించి, పరీక్ష పెట్టి మరీ పంపింది. "ఈసారి మీ పక్కన ఆ ఆంటీ లేరు, అందుకే వింటున్నారు" అంది.

ఇంకా చాలా ఉంది. నువ్వు తలుపు కింద తోసిన ఉత్తరం ఆ రోజు నా కంటే ముందు మావారి చేతికి దొరికింది. మడత కూడా పెట్టలేదు కదా నువ్వు. ఆయన నిలబడే మొత్తం చదివారు. నేను కర్లపాలెం నుంచి వచ్చేసరికి కుర్చీలో కూర్చుని ఉన్నారు, కాగితం ఒళ్ళో ఉంది. మా అమ్మ సంగతి, ఆపరేషన్ సంగతి, అన్నీ అప్పుడు చెప్పాను. కోప్పడతారనుకున్నాను. "నేను ఉన్నాను కదా" అన్నారు, అంతే. ఆ రాత్రి ఉపవాసమే అయినా చుక్క వేసుకున్నాను. చేదు రాలేదు. వచ్చినా ఆగకూడదని అప్పటికే నిశ్చయించుకున్నాను. అయ్యగారు చెప్పిన ఆ కథ నేను ఎన్నిసార్లు చదివానో తెలుసా? ఒక్కసారి కూడా నా సీసా వైపు చూడాలని తోచలేదు.

మరునాడు పొద్దున్న నేను లేచేసరికి సీసా పట్టుకుని మంచం పక్కన నిలబడ్డారు. "పడుకో" అన్నారు. మొదటి చుక్క నా ముక్కు మీద పడింది, రెండోది చెవిలోకి పోయింది. ఇద్దరం నవ్వాం. మూడోది కంట్లో పడింది. నేను కళ్ళు మూసుకుని మూల నొక్కుకున్నాను. పరలోక ప్రార్థన మొదలుపెట్టబోతుంటే ఆయన గొంతు వినిపించింది.

నీకు ఈ సంగతి తెలియదు. మావారికి సభాకంపం. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన పైకి ప్రార్థన చేయగా నేను వినలేదు. కుటుంబ ప్రార్థనలో నేను చెబుతాను, ఆయన ఆమెన్ అంటారు. కూడికల్లో ఎవరైనా అడుగుతారేమో అని చివరి వరసలో కూర్చుంటారు. అలాంటి మనిషి నిమిషాలు తప్పిపోకూడదని, ఒక్కొక్క మాటా ఆగి ఆగి, రెండుసార్లు చెప్పారు. అప్పటి నుంచి రోజూ రెండు పూటలా అంతే. నిన్న తెనాలి నుంచి వచ్చాక, "ఇక నేనే చెప్పుకుంటాలెండి, మీకు ఆఫీసుకి ఆలస్యం" అన్నాను. ఆయన విన్నట్టే లేదు.

ఈ ఉదయం కూడా చెప్పారు. రెండోసారి ఆమెన్ అయ్యాక నేను వేలు తీసి కళ్ళు తెరిచాను. ఆయన ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నారు. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. మధ్యలో నా పేరు వినిపించింది. నేను కదలకుండా ఆయన్నే చూస్తూ పడుకున్నాను. చెవి పక్కన నెరిసిన వెంట్రుకలు, గడ్డం గీసుకుంటూ వదిలేసిన చిన్న చోటు, ముక్కు మీద కళ్ళద్దాల నొక్కు, అన్నీ కనిపించాయి.

నీ
హెప్సిబా